‘చ్చు’కీ ‘ద్దు’కీ మధ్య

పదకొండో భాగం

ఓముల మేస్త్రిని మనం యార్డు ఆఫీసు మెట్ల దగ్గర వదిలిపెట్టాం. ఎడమ భుజాన గుడ్డసంచి, కుడి చెయ్యి కమ్మీ మీద. ఒక మెట్టు ఎక్కి ఆగిపోయాడు. పైన మొదటి అంతస్తులో విచారణ గది. పదిన్నరకి అక్కడ ఒక కాగితం మీద సంతకం పడుతుంది. అది పడితే పైనక్క ఇక జన్మలో క్రేను ఎక్కదు. వరండా గడియారం పది దాటి ఐదు నిమిషాలు చూపిస్తోంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఇనుప దూలాలు పేర్చే ఆ యార్డులో నలభై రోజుల కిందట ఒక దూలం దిగకూడని వేళ దిగింది. కింద కొక్కెం సర్దుతున్న మనిషి పాదం నలిగిపోయింది. క్రేను నడిపింది పైనక్క. ఎప్పుడూ పైనే ఉంటుంది కాబట్టి చిన్నా పెద్దా అందరికీ ఆమె పైనక్కే. కింద నిలబడి వైర్‌లెస్ సెట్టులో ఆమెకి మాట అందించేది జెండా. వెనకటికి జెండా ఊపే పని చేసేవాడు. జెండా పోయినా పేరు పోలేదు. అతను ‘దింపొచ్చు’ అంటేనే దింపానని పైనక్క చెప్పింది. ‘దింపొద్దు’ అని అరిచానని జెండా రాసిచ్చాడు. సెట్టులో మాట్లాడిన ప్రతి మాటా ఆఫీసు రికార్డరులో పడుతుంది. ఆ మాటా పడింది. కానీ చీమ గొంతుతో పడింది. దాన్ని పెంచి హెడ్‌ఫోన్లలో వినడానికి యాంప్లిఫయరు కావాలని యార్డు ఆఫీసు నుంచి మేస్త్రికి ఫోను వచ్చింది. పంపాడు. విన్నారు. ‘దింపొద్దు’ అని తేల్చారు.

జెండా మేస్త్రికి స్వయానా బామ్మర్ది.

తన రేడియో రిపేరు అంగడికి ఎవరు ఏ వస్తువు తెచ్చినా ‘ఎన్ని ఓములు?’ అన్నదే మేస్త్రి మొదటి మాట, కరెంటుకి అది ఎంత అడ్డుపడుతుందని. తాగడానికి నీళ్లిచ్చినా ముందు అదే అడుగుతాడని భార్య వేళాకోళం చేస్తుంది. సర్కారు టెలిఫోను తీగకైనా, పాటల పిచ్చివాడి పెట్టెకైనా, ఏ హెడ్‌ఫోను చెవికి ఏది సరిపడుతుందో అట్టముక్క మీద రాసి దారంతో కడితే గానీ గడప దాటనివ్వడు. ఆ ఫోను వచ్చిన రోజు మాత్రం అవతలి గొంతు, "మీ బామ్మర్ది కేసే మేస్త్రీ, తొందరగా పంపండి" అంది. ఆ ఒక్క ముక్కతో కాళ్లూ చేతులూ ఆడలేదు. అలమరలో ఉన్న పాత యాంప్లిఫయరు పెట్టె తుడిచి పంపేశాడు. ఎన్ని ఓములని అడగలేదు. అట్టముక్క కట్టలేదు. ఇరవై ఎనిమిదేళ్లలో అలా వెళ్లిన పెట్టె అదొక్కటే.

నిన్న ఉదయం యార్డు ప్యూను ఆ హెడ్‌ఫోన్లు పట్టుకుని వచ్చాడు, పిన్ను వదులైందని. పాతకాలపు బరువువి కావు అవి. పువ్వులా తేలిగ్గా ఉన్నాయి. మేస్త్రి వాటిని తిప్పి చూశాడు. చెవి గిన్నె లోపలి అంచున సన్నగా పదహారు ఓములు అని ఉంది. రెండుసార్లు చదివాడు. మూడోసారి కళ్లజోడు పెట్టుకుని చదివాడు. మీటరు తగిలించి కొలిచాడు. లావు శబ్దాల దగ్గర పదహారే చూపించింది. సన్న శబ్దాల దగ్గరికి వచ్చేసరికి ఆరుకి పడిపోయింది. మేస్త్రి కుర్చీలో వెనక్కి వాలాడు. ప్యూను "ఏమైంది మేస్త్రీ, చెడిపోయాయా?" అన్నాడు. "చెడింది ఇవి కాదు" అన్నాడు మేస్త్రి.

ఆ సంగతి తెలిసిన మనిషే ఇప్పుడు మెట్ల మీద ఉన్నాడు.

"బావా."

మేస్త్రి తిరగకుండానే "ఊఁ" అన్నాడు.

జెండా రెండంగల్లో వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా తొడిగాడు గానీ బొత్తాలు ఒక కాజా తప్పి పెట్టుకున్నాడు. చూసుకోలేదు.

"సంచిలో ఏముంది?"

"క్యారేజీ."

"ఇంత బరువు క్యారేజీ మా అక్క కట్టగా నేనెప్పుడూ చూళ్లేదు."

"నువ్వూ తింటావని ఎక్కువ పెట్టింది."

ఇంకో రోజైతే జెండా పగలబడి నవ్వేవాడు. ఇద్దరూ కలిస్తే ఆ పరాచికాలు వీధి చివరిదాకా వినిపించేవి. ఇవాళ పెదవి కూడా కదల్లేదు.

"పెట్టె కదూ?"

"పెట్టే."

"పాతది బాగానే పనిచేస్తోంది కదా బావా."

"పనిచేస్తోంది. వినిపించడం లేదు."

"వాళ్లకి వినిపించాల్సింది వినిపించింది. ఇప్పుడు దాన్ని కెలకడం దేనికి?"

మేస్త్రి అప్పుడు తల తిప్పి చూశాడు. తన పెళ్లినాటికి వీడికి తొమ్మిదేళ్లు. ఒకసారి ఇంట్లో రేడియో విప్పేసి, బిగించడం చేతకాక, మరలన్నీ జేబులో పోసుకుని ఏడుస్తూ అంగడికి వచ్చాడు. ఆ రోజూ ఇలాగే చూశాడు, బావ ఏదో ఒకటి చేస్తాడులే అన్నట్టు.

"ఆ రోజు నువ్వేమన్నావురా?"

"రాసిచ్చాను కదా."

"రాసింది అడగలేదు. అన్నది అడిగాను."

జెండా గుటక వేశాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా సన్న చప్పుళ్లు వెతుక్కునే మనిషికి ఆ గుటక చాలు.

"పైనక్కకి ఇంకో చోట పని దొరుకుతుంది బావా. నాకైతే కేసవుతుంది."

"లైసెన్సు పుస్తకంలో ఎర్రగీత పడ్డాక ఏ చోటరా? క్రేను సరే, స్టూలు కూడా ఎక్కనివ్వరు ఆమెని."

"అక్క నీతో మాట్లాడదు."

"మంచిదే. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది."

అన్నాడే గానీ, పొద్దున సంచి అందిస్తూ భార్య అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "వాడు సరిగ్గా తిండి తినట్లేదు. మీరుండి కాస్త వాణ్ణి చూసుకోండి." సంచిలో ఏముందో ఆమె అడగలేదు. అతను చెప్పలేదు.

జెండా ఇంకో మెట్టెక్కి దారికి అడ్డంగా నిలబడ్డాడు. చుట్టూ చూసి గొంతు బాగా తగ్గించాడు.

"బావా. నా వెనక ఎవరున్నారో నీకు తెలీదు."

మేస్త్రికి చెవులు వేడెక్కాయి. తను వేలు పట్టుకుని నడిపించిన పిల్లాడు వెనక మనుషులున్నారని తననే బెదిరిస్తున్నాడా?

"ఎవరుంటే నాకేంట్రా" అని భుజంతో పక్కకి నెట్టి పైకెక్కేశాడు. జెండా ఇంకా ఏదో చెప్పబోయాడు. మేస్త్రి ఆగలేదు. ఆగి ఉంటే బాగుండేదని పదకొండున్నరకి అనుకున్నాడు.

* * *

విచారణ గది కిటికీలు యార్డు మీదికే తెరుచుకుంటాయి. కింద ఇనుము కోసే మోత గదిలో ఎప్పుడూ పలచగా పరుచుకుని ఉంటుంది. పొడుగాటి బల్ల. బల్ల తల దగ్గర విచారణకి వచ్చిన అధికారి, పెద్ద వయసాయన, చేతిలో కాగితాలు. ఆయన కుడి పక్కన యార్డు మేనేజరు. మేనేజరు చూపుడువేలికి తాళాలగుత్తి తగిలించుకుని గుండ్రంగా తిప్పుతున్నాడు. ఆ మనిషి గదిలోకి రాకముందే ఆ గలగల వస్తుంది. యార్డులో అందరికీ అలవాటే, దాన్ని ఇప్పుడు ఎవరూ పట్టించుకోరు.

పైనక్క కిటికీ పక్కన కుర్చీలో ఉంది. నలభై అయిదేళ్ల మనిషి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఖాళీగా నిలబడ్డ తన క్రేను కేసి చూస్తోంది. అరచేతుల్లో కాయలు. ఒక్కో కాయనీ బొటనవేలితో నొక్కుతోంది, అవి మెత్తబడ్డాయేమో చూసుకుంటున్నట్టు.

అధికారి చదువుతున్నారు. "...ప్రమాద సమయంలో మేనేజరు యార్డు అవతలి కొసన స్టోరులో ఉన్నారు. సైగ ఇచ్చిన వ్యక్తి ‘దింపొద్దు’ అని స్పష్టంగా చెప్పినట్టు రికార్డింగు వల్ల తేలింది. క్రేను నడిపినామె ఆ మాటను..."

"అయ్యా."

అందరూ గుమ్మం వైపు చూశారు. మేస్త్రి సంచి దించకుండానే నమస్కారం పెట్టాడు.

"ఆ పెట్టె పంపింది నేను. అది సరైంది కాదు."

తాళాలు ఒక్క చుట్టు తప్పి మళ్లీ తిరిగాయి.

"చెడిపోయిందా?" అన్నారు అధికారి.

"పెట్టె చెడలేదయ్యా. హెడ్‌ఫోన్లూ చెడలేదు. రెండూ ఒకదానికొకటి కుదరవు. తప్పు నాది. అడక్కుండా పంపాను."

మేనేజరు నవ్వాడు. "సార్, ఈయన జెండాకి స్వయానా బావ. బంధువు చేత సాక్ష్యాలు ముట్టించడం పద్ధతి కాదు. బామ్మర్ది కోసం వచ్చాడు."

అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మేనేజరు గారూ, ఇప్పుడున్న తీర్పు ఆయన బామ్మర్దికి అనుకూలంగానే ఉంది. అనుకూలంగా ఉన్నదాన్ని చెడగొట్టుకోవడానికి ఏ బంధువైనా ఇంత దూరం వస్తాడా?" తర్వాత మేస్త్రి వైపు తిరిగారు. "కూర్చోండి. నాకు అర్థమయ్యేట్టు చెప్పండి. నేను చదివింది సివిలు ఇంజనీరింగు."

మేస్త్రి కూర్చోలేదు. మాటలు పెద్దగా రాని మనిషి. చేతులతో చెప్పడమే అలవాటు. బల్ల మీది పాత పెట్టె తీసి, వెనక మరలు నాలుగూ విప్పి, మూత ఎత్తి చూపించాడు.

"ఇదిగో, ఈ చారల ముక్క, రెసిస్టరు. శబ్దం బయటికొచ్చే దారిలో నేనే పెట్టాను. నూట ఇరవై ఓములు. ఎవరైనా పిన్ను తప్పుగా గుచ్చితే పెట్టె కాలిపోకుండా. దీన్ని ఇరుకు అనుకోండి. తోటకి నీళ్లు పెట్టే గొట్టం నోట్లో వేలు పెట్టినట్టు."

"ఊఁ."

"పాత హెడ్‌ఫోన్లు ఆరొందల ఓములు. అవి గుటక గుటకగా తాగుతాయి. దారి ఇరుకైనా వాటికి లోటు తెలీదు. ఇవి పదహారు. గటగటా తాగేవి. అదీ అన్ని శబ్దాల దగ్గరా పదహారు కాదు. సన్న శబ్దాలొస్తే ఆరుకి పడిపోతాయి. అక్కడ ఇంకా ఎక్కువ కావాలి వాటికి. ఇరుకు ఇవ్వనివ్వదు. లావు శబ్దం చెవికి చేరుతుంది. సన్న శబ్దం దారిలోనే ఎండిపోతుంది."

"సన్న శబ్దమంటే?"

గుమ్మంలో జెండా వచ్చి నిలబడ్డాడు. అతని వైపు చూడకుండానే మేస్త్రి చెప్పాడు.

"స, శ, చ. ఇవన్నీ గాలితో పలికేవి. బుస్సుమనేవి. ‘ద’లో గాలి లేదు."

పైనక్క బొటనవేలు కాయ మీదే ఆగిపోయింది.

అధికారి పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. ఆయన ఆ రెండు మాటలూ తనలో తాను పలికి చూసుకుంటున్నారని అందరికీ తెలిసిపోయింది.

"‘చ్చు’లో గాలి పోతే..." అన్నారు.

"మొద్దు చప్పుడొకటి మిగులుతుందయ్యా. చెవి దాన్ని ‘ద్దు’ అనుకుంటుంది. ఈ మోతలో మరీను."

"ఇదంతా కథ సార్," అన్నాడు మేనేజరు. తాళాలు వేగంగా తిరిగాయి. "మీరు మూడుసార్లు విన్నారు. నేను విన్నాను. ఉన్నది ‘ద్దు’. ఈయన కొత్త పెట్టె తెచ్చి ‘చ్చు’ వినిపిస్తాడు. రేపింకొకడొచ్చి ఇంకొకటి వినిపిస్తాడు. ఏ పెట్టెది నమ్ముతారు?"

"అదీ నిజమే," అన్నారు అధికారి. "ఏం మేస్త్రీ, ఏది నమ్మమంటారు?"

మేస్త్రి దీనికి తయారై రాలేదు. మూలన కూర్చుని అన్నీ రాసుకుంటున్న టైపిస్టు వైపు చూశాడు. ముప్పై ఏళ్ల మనిషి, చురుకు కళ్లు.

"ఈ అమ్మని కిందికి పంపండి. ఆ సెట్టు పట్టుకుని, జెండా నిలబడ్డ చోటే నిలబడి, ఐదుసార్లు పలకమనండి. ‘దింపొచ్చు’ అని కొన్నిసార్లు, ‘దింపొద్దు’ అని కొన్నిసార్లు. వరస ఆమె ఇష్టం. కాగితం మీద రాసి మడిచి గుప్పిట్లో పెట్టుకోమనండి. మీరు పాత పెట్టెతో విని రాయండి. కొత్త పెట్టెతో విని రాయండి. ఏ కాగితం ఆమె కాగితంతో కలుస్తుందో ఆ పెట్టెని నమ్మండి. నన్ను నమ్మొద్దు."

"నమ్మొద్దా, నమ్మొచ్చా? సరిగ్గా పలకండి," అన్నారు అధికారి. ఆ పొద్దున ఆ గదిలో నవ్వు లాంటిది వినిపించింది అప్పుడొక్కసారే. అదీ సగంలో ఆగిపోయింది.

మేనేజరు లేచాడు. "అయితే యార్డులో పని ఆపించి వస్తాను. మోత ఉంటే ఎలా?"

"వద్దు. మోత ఉండాలి. ఆ రోజూ ఉంది కదా." అధికారి కుర్చీ చూపించారు. "మీరు కూర్చోండి."

టైపిస్టు కాగితం మీద గబగబా రాసుకుని, మడిచి, చెప్పులు టపటపలాడిస్తూ దిగింది. కిటికీలోంచి చూస్తే ఆమె కింద సున్నపు గీత దగ్గర నిలబడటం కనిపించింది. సెట్టు నోటి దగ్గర పెట్టుకుంది. తలెత్తి ఖాళీ క్రేను చూసింది. బహుశా భయం వేసి ఉంటుంది. ఐదుసార్లు నోరు కదిలింది. రికార్డరు మీద చిన్న ఎర్ర దీపం ఐదుసార్లు వెలిగింది.

అధికారి ముందు పాత పెట్టెతో విన్నారు. ఒక్కో మాటకీ కళ్లు మూసుకుని, తెరిచి, రాశారు. నాలుగింటికి ‘ద్దు’ అని రాశారు. మూడోదాని దగ్గర మాత్రం పెన్ను ఆగింది. అక్కడ ప్రశ్నార్థకం పెట్టారు.

మేస్త్రి సంచిలోంచి తన పెట్టె తీశాడు. పలక అంత ఉంది. దారానికి అట్టముక్క వేలాడుతోంది. దాని మీద అతని గుండ్రటి చేతిరాత: ‘చెవి వైపు పదహారు. పెట్టె వైపు ఒకటిలోపు.’

"ఏంటి ఇది?"

"చెవి వైపు ఎన్ని ఓములుంటే, పెట్టె వైపు అందులో ఎనిమిదో వంతు దాటకూడదయ్యా. పదహారుకి రెండు. నేను నూట ఇరవై పంపాను." వేలితో అట్టముక్క తట్టాడు. "ఇందులో అర ఓము కూడా లేదు."

పిన్ను మార్చాడు. పక్కనున్న, శబ్దం బలాన్ని మార్చే చిన్న మీటను కిందికి నొక్కాడు. ఇవి సున్నితమైన చెవులు, బలం ఎక్కువైతే పాములా బుస పెడతాయి, ఆ బుసలో అసలు మాట మునిగిపోతుంది. మీట తక్కువలో ఉంటే వెనకంతా నిశ్శబ్దంగా ఉంటుంది. ఇదంతా చెప్పలేదు. చేశాడంతే.

అధికారి రెండోసారి విన్నారు. ఈసారి కళ్లు మూసుకోలేదు. ఒక్కోటీ విన్న వెంటనే రాసేశారు. మూడోదాని తర్వాత తలెత్తి మేస్త్రిని చూశారు. మళ్లీ రాశారు.

టైపిస్టు పైకొచ్చి మడత కాగితం బల్ల మీద పెట్టింది. మూడు కాగితాలూ పక్కపక్కన పరిచారు. చ్చు, ద్దు, చ్చు, చ్చు, ద్దు. ఆమె రాసుకున్నది అది. కొత్త పెట్టె కాగితమూ అదే. పాత పెట్టె కాగితం మాత్రం వేరే యార్డులో విన్నట్టుంది.

పైనక్క ఆ కాగితాల కేసి చూడలేదు. గుమ్మంలో ఉన్న జెండానే చూస్తోంది. కోపంతో కాదు. దూలాన్ని దించే ముందు కింద ఎవరైనా ఉన్నారా అని చూసే చూపు అది.

"ఇక అసలుది పెట్టండి," అన్నారు అధికారి.

మేస్త్రి చెయ్యి రికార్డరు మీదికి వెళ్లింది. అక్కడ ఆగిపోయింది. ఆ రికార్డింగు అతను ఇంతవరకు వినలేదు. వినకుండా ఉన్నంతసేపూ మెట్ల మీది గుటక ఉత్త గుటకే. ఈ మీట నొక్కితే అది మాట అవుతుంది. సాయంత్రం ఇంటికి వెళ్లి భార్యకి ఏం చెప్పాలి? ‘మీరుండి వాణ్ణి చూసుకోండి’ అన్న మనిషికి, చూసుకున్నానని చెప్పాలా?

"బావా," అంది గుమ్మంలోంచి ఒక గొంతు. చాలా చిన్నగా.

మేస్త్రి మీట నొక్కాడు.

అధికారి విన్నారు. ఒకసారి. మళ్లీ వెనక్కి తిప్పించుకుని ఇంకోసారి. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు. ఇందాకటి తీర్పు కాగితం తీసి, చింపలేదు, బోర్లా తిప్పి పెట్టారు.

"‘దింపొచ్చు’," అన్నారు. "‘దింపొచ్చు’ అనే ఉంది."

పైనక్క ముఖంలో సంతోషం ఏమీ రాలేదు. ఆమె తన రెండు చెవులూ అరచేతులతో మూసుకుని, తీసింది.

"నలభై రోజులు సార్," అంది. "నా చెవుల్ని నేనే నమ్మలేదు. వంటింట్లో కుక్కరు కూత వేసినా నిజంగా వేసిందా అని మా ఆయన్ని అడిగేదాన్ని. ఆసుపత్రికెళ్లి ఆ మనిషి కాలు పట్టుకుని తప్పు నాదేనని చెప్పి వచ్చాను. ఎందుకంటే మీరందరూ విన్నామన్నారు. ఇంతమంది వింటే నేనే తప్పు విని ఉంటానని..." లేచి నిలబడింది. "ఏరా జెండా. పన్నెండేళ్లు నీ మాట మీద దింపాను, ఎత్తాను. ఒక్కసారి పైకి చూసి ‘నేనే అన్నాను అక్కా’ అంటే నీ సొమ్మేం పోయేదిరా?"

జెండా తల దించుకున్నాడు. తప్పిపోయిన బొత్తాన్ని ఇప్పుడు చూసుకున్నాడు. దాన్ని విప్పి మళ్లీ పెట్టుకోబోయాడు. అది మళ్లీ తప్పు కాజాలోకే వెళ్లింది.

"సరే సార్, తేలిపోయింది," అన్నాడు మేనేజరు. గొంతులో తొందర. "పాపం ఆవిడ తప్పు లేదు. తప్పంతా జెండాదే. పేరు మార్చి రాసేసి సంతకం పెట్టెయ్యండి. ఇంకెందుకు సాగదీయడం?" తాళాలు చురుగ్గా తిరుగుతున్నాయి. గలగల, గలగల.

మేస్త్రి ఆ మాటలు సగమే విన్నాడు. తన చేతులతో వినిపించాడు, ఇంకా తన చెవులతో వినలేదు. పెళ్లాం ముందు నిలబడాలంటే కనీసం వినైనా ఉండాలి అనిపించింది. ఎవరినీ అడక్కుండా హెడ్‌ఫోన్లు అందుకుని తలకి పెట్టుకున్నాడు. వెనక్కి తిప్పి మీట నొక్కాడు.

ముందు యార్డు మోత. పలచగా, దూరంగా. బుస లేదు. బావి అడుగు వరకు కనిపించినంత తేటగా ఉంది. సెట్టు బొత్తాం నొక్కిన టిక్కు. జెండా ఊపిరి. ఊపిరి తీసుకున్నాడు, మాట పలకలేదు. ఆగాడు. ఎవరి కోసమో, దేని కోసమో ఆగాడు.

ఆ ఆగిన చోట ఇంకొకటి ఉంది.

మేస్త్రి వెనక్కి తిప్పాడు. మళ్లీ విన్నాడు. సన్నగా, చాలా సన్నగా. గాలి కంటే సన్నగా. పాత పెట్టెలో ‘చ్చు’ ఎక్కడ ఎండిపోయిందో ఇదీ అక్కడే ఎండిపోయి ఉంటుంది. జెండా వీపు వెనక, రెండడుగుల దూరంలో, ఇత్తడి మీద ఇత్తడి తగులుతున్న చప్పుడు. గుండ్రంగా, వరసగా. అది ఒక్క చుట్టు ఆగింది. ఎవరో గొణిగారు, మాట తెలియలేదు. వెంటనే జెండా గొంతు: ‘దింపొచ్చు.’

*నా వెనక ఎవరున్నారో నీకు తెలీదు.*

వాడు బెదిరించలేదు. ఉన్న మాట ఉన్నట్టు చెప్పాడు.

హెడ్‌ఫోన్లు తీశాడు. రికార్డింగు ఆగింది. గదిలో ఆ గలగల ఇంకా వినిపిస్తూనే ఉంది. చెవిలోదా, బయటిదా అని ఒక్క క్షణం తేల్చుకోలేకపోయాడు. తల తిప్పి మేనేజరు చూపుడువేలి వైపు చూశాడు.

మేనేజరు ఆ చూపు చూశాడు. వేలు ఆగింది. తాళాలు గుప్పిట్లోకి వెళ్లిపోయాయి. గుప్పిట బల్ల కిందికి వెళ్లింది. గదిలో ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దం అలుముకుందంటే, మూలన టైపిస్టు కూడా పెన్ను ఎత్తి ఏం ఆగిపోయిందా అని చుట్టూ చూసింది.

"ఏమిటి మేస్త్రీ?" అన్నారు అధికారి. పెన్ను మూత తీసి ఉంది. జెండా పేరులో మొదటి అక్షరం అప్పటికే కాగితం మీద పడింది.

మేస్త్రి హెడ్‌ఫోన్లు రెండు చేతులతో పట్టుకుని ఆయన ముందు పెట్టాడు.

"సంతకం పెట్టకండయ్యా. ఇంకొక్కసారి వినండి. ఈసారి మాట వినొద్దు. మాటకి ముందు ఏముందో అది వినండి."

మేనేజరు కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. రికార్డరు కరెంటు తీగ అతని కాలి పక్కనే ఉంది.